‘సెపరేట్’ ఎక్కడ ఉంచాలి, ఎక్కడ మార్చాలి: గుంటూరు మిర్చి ఎగుమతి పత్రం మీద కేస్ స్టడీ

పత్రం గుంటూరు నుంచి వచ్చింది. ఎండుమిర్చి ఎగుమతి చేసే ఒక భాగస్వామ్య సంస్థ యూరప్ బయ్యర్‌కు పంపడానికి తయారు చేసుకున్న ప్రొఫైల్ అది. కోల్డ్ స్టోరేజీ, గ్రేడింగ్ గురించి ఒక భాగం, నాణ్యత పరీక్షల గురించి మరొకటి, యాజమాన్యం గురించి ఇంకొకటి. తెలుగు మూలం వాళ్ల ఆఫీసులోనే రాసుకున్నారు. దాని ఇంగ్లిష్ చిత్తుప్రతి సవరణ కోసం విజయవాడలోని మా అనువాద డెస్కుకు చేరింది. సంస్థను గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చాం, ఇలాంటి మరికొన్ని పత్రాల్లోని వాక్యాలనూ ఇందులో కలిపాం.

తెలుగు మూలంలో విడిగా, వేరుగా, విడివిడిగా, ప్రత్యేకంగా, స్వతంత్రంగా, దేనికదే, ఎవరికి వారు అన్న మాటలు ఎక్కడికక్కడ సరిగ్గానే పడ్డాయి. ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి మొదటి పేజీల్లో అన్నీ ‘సెపరేట్’ అయ్యాయి. తర్వాతి పేజీల్లో ఆ మాట మరీ ఎక్కువైందని రాసినవారికే అనిపించినట్టుంది, థెసారస్ తీసి వంతులవారీగా ‘ఇండిపెండెంట్’, ‘డిస్టింక్ట్’, ‘డిస్క్రీట్’, ‘ఐసొలేటెడ్’ వేసుకుంటూ పోయారు. ఈ రెండో పనే ఎక్కువ ప్రమాదం. అన్నిచోట్లా ‘సెపరేట్’ అంటే వాక్యం చప్పబడుతుంది, అంతే. తప్పు పర్యాయపదం పడితే సంస్థ చెప్పని మాట చెప్పినట్టవుతుంది. ఎగుమతి పత్రంలో అలాంటి మాటకు ఆడిట్ రోజున జవాబు చెప్పుకోవాలి.

థెసారస్‌లో ఒకే వరసలో కనిపించే ఈ మాటలను విడదీసి చూడటానికి మేం వాడే ప్రశ్న ఒక్కటే: ఇక్కడ ఏ సంబంధం లేదని చెబుతున్నాం? చోటు కలవడం లేదంటే ‘సెపరేట్’. స్వభావం కలవడం లేదంటే ‘డిస్టింక్ట్’. ఒకరి అదుపులో, ఒకరి ఆధారంతో లేదంటే ‘ఇండిపెండెంట్’. పెద్ద వ్యవస్థ లోపలే ఉంటూ తన నిబంధనలు తనే పెట్టుకుంటే ‘అటానమస్’. పక్కదాంతో జోడించకుండా తనంతట తను పనిచేస్తే ‘స్టాండలోన్’. ఒకే పనికి కేటాయించి మరో పనికి వాడకపోతే ‘డెడికేటెడ్’. కలిసిపోకుండా కావాలని విడిగా పెడితే ‘సెగ్రిగేటెడ్’. జవాబు చాలాసార్లు తెలుగు వాక్యంలో దొరకదు. సంస్థకు ఫోన్ చేసి అడగాలి.

చాంబర్లు, కంప్రెసర్లు

మూలంలో ‘నాలుగు చాంబర్లకూ దేనికదే కూలింగ్ ఉంది’ అని ఉంది. చిత్తుప్రతి దాన్ని ‘ఫోర్ చాంబర్స్ విత్ ఇండిపెండెంట్ రిఫ్రిజిరేషన్ సిస్టమ్స్’ చేసింది. వ్యాకరణంలో తప్పేమీ లేదు. చదివిన బయ్యర్‌కు మాత్రం చాంబర్‌కో ప్లాంటు ఉందని, ఒకటి ఆగినా మిగతా మూడింటికి ఇబ్బంది లేదని అర్థమవుతుంది. ఎండుమిర్చి నెలల తరబడి చల్లదనంలో నిలవ ఉండాల్సిన సరుకు. చల్లదనం తప్పితే రంగు తగ్గుతుంది, తేమ పడితే బూజు వస్తుంది. కాబట్టి ఆ మాటకు బయ్యర్ విలువ కడతాడు.

సంస్థను అడిగిన ప్రశ్న: కంప్రెసర్లు ఎన్ని, ఒకటి ఆగితే ఏ చాంబర్ ఆగుతుంది? జవాబు: అమ్మోనియా ప్లాంటు ఒక్కటే, నాలుగు చాంబర్లకూ ఉమ్మడి. రెండు కంప్రెసర్లలో ఒకటి నడుస్తుంది, ఒకటి స్టాండ్‌బై. చాంబర్‌కో జత కాయిల్స్, ఫ్యాన్లు, టెంపరేచర్ కంట్రోల్ ఉన్నాయి. అంటే ప్రతి చాంబర్‌లో వేడిమిని విడిగా సర్దుకోవచ్చు గానీ ప్లాంటు ఆగితే నాలుగూ ఆగుతాయి. ఇది ‘ఇండిపెండెంట్’ కాదు.

సవరించిన వాక్యం: ‘ఫోర్ చాంబర్స్, ఈచ్ విత్ ఇట్స్ ఓన్ కూలింగ్ కాయిల్స్ అండ్ టెంపరేచర్ కంట్రోల్, సర్వ్డ్ బై ఎ కామన్ అమ్మోనియా ప్లాంట్ విత్ ఎ స్టాండ్‌బై కంప్రెసర్’. పొడుగైంది, అయినా బయ్యర్‌కు కావాల్సిందంతా ఇందులో ఉంది. చిన్న వాక్యం కావాలంటే ‘ఇండివిడ్యువల్లీ కంట్రోల్డ్ చాంబర్స్’ చాలు. ‘స్టాండలోన్’ మాత్రం చాంబర్‌కో పూర్తి ప్లాంటు ఉన్నప్పుడే వాడాలి.

ఇక్కడ ‘ఓన్’ చేసిన పని చూడండి. తెలుగులో ‘దేనికదే’, ‘ఎవరిది వాళ్లకు’ అన్న చోట ఇంగ్లిష్‌లో చాలాసార్లు ‘ఈచ్’, ‘ఓన్’ కలిస్తే సరిపోతుంది. పర్యాయపదం వెతకాల్సిన అవసరమే రాదు. ‘సెపరేట్ ఎంట్రన్స్’ కంటే ‘ఇట్స్ ఓన్ ఎంట్రన్స్’ సహజంగా ఉంటుంది, అర్థమూ గట్టిగా ఉంటుంది. గేటు విడిగా ఉన్నా పక్కవాళ్లూ వాడుకోవచ్చు, ‘ఓన్’ అంటే అది వీళ్లదే.

టిక్కీలు, లాట్లు

గ్రేడింగ్ భాగంలో మూడు వాక్యాలు ఒకదాని మాట ఇంకొకటి ఎత్తుకుపోయాయి.

మొదటిది, పురుగుమందుల అవశేషాల పరీక్షలో నెగ్గిన లాట్లను మిగతా సరుకులో కలవకుండా విడిగా పెడతామన్న వాక్యం. చిత్తుప్రతిలో ‘ఐసొలేటెడ్ లాట్స్’ అని ఉంది. నాణ్యత విభాగాల్లో ‘ఐసొలేట్’ అన్నది అనుమానం ఉన్న సరుకును పక్కకు లాగే మాట. మంచి సరుకుకు ఆ మాట తగిలిస్తే చదివేవాడు ఈ లాట్లకు ఏమైందని అడుగుతాడు. ఇక్కడ ‘సెగ్రిగేటెడ్’ వేశాం. రెండో వాక్యం సరిగ్గా దీనికి ఎదురు: బూజు అనుమానం ఉన్న టిక్కీలను (మిర్చి బస్తాలను) వేరే గదికి మార్చి, ఫలితం వచ్చేదాకా కదల్చరు. అక్కడ చిత్తుప్రతిలో ‘సెపరేటెడ్’ ఉంది. దాన్ని ‘ఐసొలేటెడ్ అండ్ హెల్డ్ పెండింగ్ టెస్ట్ రిజల్ట్స్’ చేశాం. విడిగా పెట్టిన కారణం ఆ మాటతోనే తెలిసిపోతుంది. తాలుకాయ (రంగు పోయిన నాసి కాయ) ఏరేయడానికి ఈ రెండూ నప్పవు. అక్కడ జరిగేది ఏరివేత, ‘సార్టెడ్ అవుట్’ అని తేలిగ్గా రాస్తే చాలు.

మూడోది స్పెల్లింగు. సరుకును లాట్‌కు లాట్ విడిగా, లెక్క తెలిసేలా నిలవ చేస్తామనడానికి ‘డిస్క్రీట్ లాట్స్’ వాడారు. మాట ఎంపిక బాగుంది. కానీ అక్షరాలు తారుమారయ్యాయి. ఉచ్చారణ ఒకటే అయిన రెండు మాటలు ఇవి, రెండూ ఒకే లాటిన్ మూలం నుంచి వచ్చినవి. చివర రెండు ‘ఈ’లు పక్కపక్కన ఉంటే గుట్టుగా, నలుగురి కంటా పడకుండా అని అర్థం. రెండు ‘ఈ’ల మధ్య ‘టీ’ నిలబడి విడదీస్తే విడివిడిగా అని అర్థం. చిత్తుప్రతిలో పడింది మొదటిది. సరుకును గుట్టుగా దాచిపెడతామని రాసి యూరప్ పంపబోయారన్నమాట. రెండూ నిఘంటువులో ఉన్న మాటలే కాబట్టి స్పెల్‌చెక్ ఎర్రగీత గీయదు. ఈ మాట కనిపించిన ప్రతిచోటా అక్షరాలు కూడబలుక్కుని చూడటమే మార్గం.

తొడిమ తీసిన తేజ రకం మిర్చి కోసం ‘విడిగా లైను’ ఉందన్న వాక్యానికి ‘డెడికేటెడ్ లైన్’ బాగా నప్పేలా కనిపించింది. అడిగితే తెలిసింది, సీజన్‌లో తేజ మాత్రమే ఆడిస్తారు గానీ తర్వాత 334 రకం కూడా అదే లైను మీద పోతుందని. అలాంటప్పుడు ‘డెడికేటెడ్’ అబద్ధం. ‘సెపరేట్ లైన్’ అలాగే ఉంచి, రకం మారినప్పుడు లైను శుభ్రం చేసే పద్ధతిని పక్క వాక్యంలో చేర్చాం.

రకాల గురించి ‘ఫోర్ సెపరేట్ వెరైటీస్’ అని ఉంది. తేజను ఘాటు కోసం కొంటారు, బ్యాడిగిని రంగు కోసం కొంటారు. తేడా గుణంలో ఉంది, గోదాములో పెట్టిన చోటులో కాదు. ‘డిస్టింక్ట్’ సరైన మాట. ‘డిస్టింక్టివ్’ వేరు, దాన్ని ఒక రకానికి గుర్తుగా నిలిచే లక్షణానికి వాడాలి: బ్యాడిగి తొక్క ముడతలు ‘డిస్టింక్టివ్’.

ల్యాబ్ ఎవరిది?

ఇక్కడ నిదానంగా చదవాలి. మూలం: ‘మాకు స్వతంత్రంగా ల్యాబ్ ఉంది, ప్రతి లాట్‌నూ పరీక్షిస్తాం’. చిత్తుప్రతి: ‘ఎవ్రీ లాట్ ఈజ్ టెస్టెడ్ ఇన్ అవర్ ఇండిపెండెంట్ ల్యాబొరేటరీ’. ‘అవర్’, ‘ఇండిపెండెంట్’ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి. సంస్థ సొంత ల్యాబ్ గ్రేడింగ్ షెడ్డుకు దూరంగా వేరే భవనంలో ఉన్నా, జీతం ఇచ్చేది సంస్థే. అది ‘సెపరేట్’ అవుతుంది, ‘ఇండిపెండెంట్’ కాదు. ఫలితం ఎలా వచ్చినా లాభనష్టాలతో పని లేనివాళ్లు చేసే పరీక్షే ఇండిపెండెంట్. పరీక్షా ల్యాబ్‌లకు వర్తించే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ/ఐఈసీ 17025 గుర్తింపుకు నిష్పాక్షికత కూడా ఒక షరతు. గుంటూరులో స్పైసెస్ బోర్డు ల్యాబ్ ఉంది. సంస్థ తన నమూనాలను ఎక్కడ పరీక్ష చేయిస్తే ఆ ల్యాబ్ ఏ కోవలోకి వస్తుందో పేరుతో సహా రాయడం మేలు.

యూరోపియన్ యూనియన్ ఎండుమిర్చిలో అఫ్లటాక్సిన్లకు, అంటే బూజు వల్ల పుట్టే విషాలకు, గరిష్ఠ పరిమితి పెట్టింది: బీ1 రకానికి కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లటాక్సిన్లకు 10 మైక్రోగ్రాములు. ఆ హద్దు దాటితే సరుకు వెనక్కి రావచ్చు. అందుకే ల్యాబ్ గురించిన విశేషణాన్ని బయ్యర్ చూసీచూడనట్టు వదిలిపెట్టడు.

దీని లోపల ఇంకో మెలిక ఉంది. బయటి ల్యాబ్‌కు పంపే నమూనాను సంస్థ మనిషే తీసి పంపితే ‘ఇండిపెండెంట్లీ టెస్టెడ్’ అనొచ్చు, ‘ఇండిపెండెంట్లీ శాంపిల్డ్’ అనకూడదు. అఫ్లటాక్సిన్ లాట్ అంతా సమంగా పరుచుకుని ఉండదు. ఏ టిక్కీ విప్పి తీశారన్న దాని మీద ఫలితం మారిపోతుంది. ఒకే టిక్కీ నుంచి తీసిన మూడు నమూనాలు మూడు ‘సెపరేట్’ సంచుల్లో ఉండొచ్చు గానీ ‘ఇండిపెండెంట్’ నమూనాలు కావు, ఒకటి ఎలా వస్తే మిగతావీ ఇంచుమించు అలాగే వస్తాయి. గణాంకశాస్త్రం చదివిన వాళ్లు ఈ తేడాను వెంటనే పట్టుకుంటారు.

తుది వాక్యంలో రెండు ల్యాబ్‌లనూ విడదీశాం: ‘ఇన్-హౌస్ ల్యాబొరేటరీ’ ప్రతి లాట్‌లో తేమ, రంగు చూస్తుంది, ఎగుమతి లాట్ల అఫ్లటాక్సిన్, అవశేషాల పరీక్ష ‘ఇండిపెండెంట్ ల్యాబొరేటరీ’లో జరుగుతుంది, నమూనా తీసేది ఎవరో అక్కడే చెప్పాం.

యాజమాన్యం పేజీ: మాట తప్పితే డబ్బు తప్పుతుంది

ఈ పేజీలో నాలుగు మార్పులు చేశాం. మొత్తం పత్రంలో అన్నిటికంటే ముఖ్యమైనవి ఇవే.

సంస్థ భాగస్వామ్య సంస్థ. చిత్తుప్రతి దాన్ని ‘సెపరేట్ లీగల్ ఎంటిటీ’ అంది, బహుశా ఏదో కంపెనీ ప్రొఫైల్ చూసి. కంపెనీకి తన వాటాదారుల నుంచి వేరైన చట్టపరమైన ఉనికి ఉంటుంది, 1896లో బ్రిటన్‌లోని సాలమన్ కేసు తీర్పు నుంచి ఇది స్థిరపడిన సూత్రం. ఎల్‌ఎల్‌పీకి (పరిమిత బాధ్యత ఉన్న భాగస్వామ్యానికి) కూడా 2008 ఎల్‌ఎల్‌పీ చట్టం సెక్షన్ 3 ఆ ఉనికి ఇచ్చింది. 1932 భాగస్వామ్య చట్టం కింద నడిచే మామూలు సంస్థకు అది లేదు, సంస్థ అంటే భాగస్వాములే. ఈ వాక్యంలో పర్యాయపదం మార్చడం కుదరదు, వాక్యమే తీసేయాలి. దాని స్థానంలో ‘ఎ రిజిస్టర్డ్ పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్’ అని, రిజిస్ట్రేషన్ కాగితం చూసుకున్నాకే రాశాం.

రెండోది అప్పు బాధ్యత. తెలుగు దస్తావేజుల్లో అందరికీ అలవాటైన మాట ఇది: భాగస్వాములు ‘ఉమ్మడిగానూ, విడివిడిగానూ బాధ్యులు’. చిత్తుప్రతి ‘రెస్పాన్సిబుల్ టుగెదర్ అండ్ సెపరేట్లీ’ అంది. ‘సెపరేట్లీ’ చదివినవాడు ఎవరి వాటా మేరకు వాళ్లే బాధ్యులని అనుకునే వీలుంది. చట్టం చెప్పేది అందుకు విరుద్ధం. 1932 భాగస్వామ్య చట్టం సెక్షన్ 25 ప్రకారం మొత్తం బాకీని ఏ ఒక్క భాగస్వామి నుంచైనా రాబట్టవచ్చు. దీనికి ఇంగ్లిష్‌లో స్థిరపడిన మాట ‘జాయింట్లీ అండ్ సెవరల్లీ లయబుల్’. ‘సెవరల్’ అంటే చాలా అని బడిలో నేర్చుకున్నందువల్ల ఇది వింతగా అనిపించి కొందరు సవరించేస్తారు. ఇక్కడ దాని పాత అర్థం ‘ఒక్కొక్కరుగా’. స్థిరపడిన చట్టపు మాటలకు పర్యాయపదం వేయకూడదు, ఎంత అందంగా ఉన్నా సరే.

మూడోది సిస్టర్ కన్సర్న్. తొడిమలు తీయించి సరుకు ఇచ్చే మరో సంస్థను ‘ఇండిపెండెంట్ సప్లయర్’ అన్నారు. దాని జీఎస్టీ నంబరు వేరు, ఖాతాలు వేరు, ఆఫీసు వేరు. భాగస్వాములు మాత్రం ఇదే కుటుంబం వాళ్లు. కాగితం మీద వేరైనా, నిర్ణయం ఒక ఇంట్లోనే జరుగుతుంది. ‘ఎ సెపరేట్ ఫర్మ్ అండర్ కామన్ ఓనర్‌షిప్’ అని రాశాం. ‘సిస్టర్ కన్సర్న్’ మన దేశంలో అందరికీ తెలిసిన మాటే, బయటివాళ్లకు అంతగా తెలియదు కాబట్టి ‘అఫిలియేట్’ నయం. కంపెనీ చట్టం 2013లో ‘ఇండిపెండెంట్ డైరెక్టర్’ ఎవరో సెక్షన్ 149 పెద్ద జాబితాగా చెబుతుంది, అందులో ఎక్కువ భాగం బంధుత్వం, డబ్బు లావాదేవీల గురించే. ఇండిపెండెంట్ అన్న మాట పెట్టే ముందు ఆ రెండూ చూడాలని దాని సారం.

నాలుగోది, ‘అన్నదమ్ములు వేరుపడ్డాక సంస్థ ఏర్పడింది’ అన్న చరిత్ర వాక్యం. ‘ఆఫ్టర్ ద బ్రదర్స్ వర్ సెపరేటెడ్’ అంటే ఎవరో విడదీశారనో, ఎక్కడో తప్పిపోయారనో తోస్తుంది. ఒకరి గురించి ‘సెపరేటెడ్’ అంటే భార్యాభర్తలు విడిగా ఉంటున్నారని అర్థం. ఇక్కడ జరిగింది ఆస్తి పంపకం: ‘ఆఫ్టర్ ద పార్టిషన్ ఆఫ్ ద ఫ్యామిలీ బిజినెస్’.

బయ్యర్ ప్రతినిధులు దిగే అతిథి గృహాన్ని ‘ఇండిపెండెంట్ హౌస్’ అన్నారు. విజయవాడ, గుంటూరుల్లో ఆ మాట అపార్ట్‌మెంట్ కాని ఇంటికి స్థిరపడిపోయింది, ఇక్కడి ప్రకటనల్లో అదే వాడాలి. బ్రిటిష్ పాఠకుడికి అది ‘డిటాచ్డ్ హౌస్’. లోపల వంటిల్లు, బాత్‌రూమ్ ఉన్న గదుల సముదాయం ‘సెల్ఫ్ కంటెయిన్డ్’. మూలంలో ‘ప్రత్యేక గది’ అన్నచోట మెషీన్ అనువాదం ‘స్పెషల్ రూమ్’ ఇచ్చింది. ప్రత్యేకం అన్న మాట గొప్పదనాన్నీ చెబుతుంది, విడితనాన్నీ చెబుతుంది కాబట్టి దీన్ని ఎప్పుడూ యంత్రానికి వదలకూడదు. విదేశీ అమ్మకాల విభాగాన్ని ‘అటానమస్ డివిజన్’ అన్నారు. మన అటానమస్ కాలేజీలు సిలబస్, పరీక్షలు సొంతంగా చూసుకున్నా పట్టా మాత్రం యూనివర్సిటీ పేరు మీదే వస్తుంది, ఆ మాట పరిధి అంత. ఈ విభాగానికి ధర నిర్ణయించే అధికారం కూడా లేదు, ‘సెపరేట్ డివిజన్’ చాలు.

ఆపై వ్యాకరణం. ‘సెపరేట్ ఫ్రమ్’, ‘డిస్టింక్ట్ ఫ్రమ్’, ‘ఐసొలేటెడ్ ఫ్రమ్’ అంటాం గానీ ‘ఇండిపెండెంట్ ఆఫ్’ అంటాం, నామవాచకమైతే ‘ఇండిపెండెన్స్ ఫ్రమ్’. ‘వుయ్ ఆర్ అపార్ట్ ఆఫ్ ద ట్రేడ్ అసోసియేషన్’ అని ఒకచోట ఉంది. ‘ఎ’కీ ‘పార్ట్’కీ మధ్య ఖాళీ పోవడంతో సంఘంలో భాగమని చెప్పాల్సింది దూరమని చెప్పినట్టయింది. దీన్నీ స్పెల్‌చెక్ పట్టదు. ‘సెపరేట్’ స్పెల్లింగులో ‘పీ’ తర్వాత వచ్చేది ‘ఏ’, ‘ఈ’ కాదు. ప్రొఫైల్‌ను బయ్యర్ ముందు చదివి వినిపించేవాళ్లకు ఇంకొకటి: క్రియగా వాడితే చివర ‘రేట్’ అని సాగుతుంది, విశేషణమైతే ‘సెప్రట్’ అని పొట్టిగా ముగుస్తుంది.

ఇదే పని మీ దగ్గరకు వస్తే వరస ఇలా పెట్టుకోండి. ముందు తెలుగు మూలంలోని విడి మాటలన్నిటికీ పసుపు రంగు వేయండి, ఇంగ్లిష్‌ను చూడకండి. ఒక్కోదానికీ దేని నుంచి విడి, విడదీసింది ఎవరు, ఉమ్మడిగా ఇంకేం మిగిలింది అన్న మూడు గడులు నింపండి. నింపలేని గడి ఉంటే అది సంస్థను అడగాల్సిన ప్రశ్న. జవాబులన్నీ వచ్చాకే ఇంగ్లిష్ ముట్టుకోండి. చట్టపు పేజీని సంస్థ ఆడిటర్ గానీ వకీలు గానీ చూడకుండా బయటికి పంపకండి.

‘రీప్లేస్ ఆల్’ మాత్రం నొక్కవద్దు. చిత్తుప్రతిలో ఒకచోట ‘సెపరేటెడ్’ కాస్తా ‘ఇండిపెండెంట్‌డి’ అన్న లేని మాటగా మారింది ఆ మీట వల్లే. అది కంటపడింది కాబట్టి దిద్దగలిగాం. అదే మీటతో ‘సెపరేట్లీ ప్యాక్డ్’ కాస్తా ‘ఇండిపెండెంట్లీ ప్యాక్డ్’ అయింది. అది స్పెల్లింగు సరిగ్గా ఉన్న మాటే కావడంతో ఏ ఎర్రగీతా పడలేదు, ప్యాకింగ్ బయటివాళ్లు చేస్తారన్న అర్థంతో చివరి ప్రూఫ్ దాకా ప్రయాణం చేసింది. ప్యాకింగ్ వాక్యంలో ‘సెపరేట్లీ’నే తిరిగి పెట్టాం.